సార్వత్రిక ఆరోగ్య రక్షణయు ఉద్యోగాధారిత ఆరోగ్య బీమాయు

వ్యాధి సంభవించినపుడు వైద్యమునకగు వ్యయమును రోగి యొక్కడే భరింపవలెనా, పదిమంది కలిసి పంచుకొనవలెనా అను ప్రశ్నకు, పంచుకొనుటయే మేలని ఆధునిక సమాజములన్నియు ఏదో యొక విధమున సమాధానము చెప్పుకొన్నవి. భేదమంతయు ఆ పదిమంది ఎవరను విషయమునందే యున్నది. దేశమున నివసించు ప్రతి వ్యక్తియు ఆ సమూహమున సభ్యుడే యని భావించి, పన్నుల మూలమునగాని నిర్బంధ చందాల మూలమునగాని ద్రవ్యము సమకూర్చి, ఆదాయముతోను ఉద్యోగముతోను నిమిత్తము లేక, అవసరమునుబట్టి చికిత్స లభింపజేయు ఏర్పాటునకు సార్వత్రిక ఆరోగ్య రక్షణ యని పేరు. ఒక కర్మాగారమునందో కార్యాలయమునందో పనిచేయువారు మాత్రమే యొక సమూహముగ నేర్పడగా, వారి పక్షమున యజమాని యొక ప్రైవేటు బీమా కంపెనీతో ఒడంబడిక చేసికొని, ప్రీమియములో అధికభాగమును తాను చెల్లించి, శేషమును జీతమునుండి మినహాయించుకొను ఏర్పాటు ఉద్యోగాధారిత ఆరోగ్య బీమా. మొదటిదానికి బ్రిటను, కెనడా, జర్మనీ, జపాను, తైవాను మొదలగు దేశములు వేర్వేరు రీతుల ఉదాహరణములు. రెండవదానికి అమెరికా సంయుక్త రాష్ట్రములు ప్రధానోదాహరణము.

ఈ రెంటికి గల వ్యత్యాసమును ప్రభుత్వమునకును ప్రైవేటు రంగమునకును గల వివాదముగ చిత్రించుట పరిపాటి. ఆ చిత్రణము సమగ్రము కాదు. జర్మనీలో నేటికిని చందాలో సగము యజమానియే చెల్లించుచున్నాడు. కెనడాలోని వైద్యులలో అనేకులు ప్రభుత్వోద్యోగులు కారు, స్వతంత్ర వృత్తిజీవులు. అమెరికాలో వృద్ధులకును నిరుపేదలకును మాజీ సైనికులకును ప్రభుత్వమే అపారమైన ధనము వెచ్చించుచున్నది. కావున ధనము ఎవరి చేతిమీదుగ పోవుచున్నదని విచారించుటకన్న, ఉద్యోగము పోయిననాడు రక్షణ నిలుచునా నిలువదా, ఆరోగ్యవంతులును రోగులును ఒకే నిధిలో నున్నారా లేక వేయి నిధులుగ చీలిపోయినారా అని విచారించినపుడే ఈ రెండు పద్ధతుల నిజస్వరూపము బోధపడును.

నిర్బంధ బీమా పుట్టుక

సార్వత్రిక రక్షణకు సైతము మూలము శ్రామికుల బీమాయే యగుట విశేషము. జర్మనీలో గని కార్మికుల సహాయక సంఘములును చేతిపనివారి శ్రేణులును తమ సభ్యులనుండి స్వల్ప మొత్తములు వసూలు చేసి, మంచము పట్టినవానికి మందును, వాని కుటుంబమునకు కొంత భత్యమును సమకూర్చు ఆచారము చిరకాలమునుండి యుండెను. పరిశ్రమలు వృద్ధియై, పల్లెలు విడిచివచ్చిన కూలిజనము పట్టణములలో క్రిక్కిరిసినపుడు ఆ సంఘముల శక్తి చాలకపోయెను. ఛాన్సలరు ఆటో ఫాన్ బిస్మార్కు ఒకవైపున 1878లో చేసిన చట్టముతో సోషలిస్టు పక్షమును అణచుచు, వేరొకవైపున శ్రామికుల విధేయతను రాజ్యమువైపునకు మరల్పదలచి, 1883 జూన్ 15న కార్మికుల రోగబీమా శాసనమును చేయించెను. చందాలో మూడింట రెండు వంతులు శ్రామికుడును, ఒక వంతు యజమానియు చెల్లింపవలెను. వైద్యము, ఔషధములు, పదమూడు వారములవరకు భత్యము రోగికి లభింపవలెను. 1884లో ప్రమాద బీమాయు, 1889లో వార్ధక్య బీమాయు దీనిని అనుసరించినవి. బిస్మార్కు ఉద్దేశము రాజకీయమే కావచ్చును; కాని వైద్యము దానధర్మముగ గాక హక్కుగ శ్రామికునకు లభించుట ఒక పెద్ద రాజ్యమునందు శాసనబద్ధమైనది అప్పుడే.

ఆ శాసనమునందలి కీలకము చందాల నిష్పత్తిలో లేదు. రోగనిధి యజమాని సొత్తు కాదు. అది చట్టముచే నేర్పడి, సభ్యుల ప్రతినిధులును యజమానుల ప్రతినిధులును కలిసి నడుపుకొను స్వయంపాలక సంస్థ. చందా జీతములో నింత శాతమని నిర్ణయింపబడునేగాని, సభ్యుడు వృద్ధుడా, మధుమేహ పీడితుడా, నలుగురు బిడ్డల తండ్రియా అని విచారించి నిర్ణయింపబడదు. కాలక్రమమున ఉద్యోగము కోల్పోయినవాని చందాను నిరుద్యోగ బీమా సంస్థ చెల్లించు ఏర్పాటును, పదవీవిరమణ చేసినవాడు పింఛనునుండి చందా చెల్లించుచు సభ్యుడుగనే యుండు ఏర్పాటును, సంపాదన లేని భార్యాబిడ్డలు అదనపు రుసుము లేకయే సభ్యులగు ఏర్పాటును కుదిరినవి. తొలుత కొలదిమంది కార్మికులకు పరిమితమైన వలయము గుమాస్తాలకు, రైతులకు, విద్యార్థులకు విస్తరించి, 2009 నుండి బీమా లేక ఎవరును ఉండరాదను నియమముతో పూర్ణమైనది. 1996 నుండి సభ్యుడు తనకు నచ్చిన నిధిని ఎన్నుకొనవచ్చును. రోగులు అధికముగ గల నిధికి, ఆరోగ్యవంతులు అధికముగ గల నిధులనుండి పరిహారము చేరును. అధికాదాయపరులు, ప్రభుత్వాధికారులు మొదలగు సుమారు పదవవంతు జనులు మాత్రము ఈ నిధులను వీడి ప్రైవేటు బీమాలో నుండుట ఈ పద్ధతికి మిగిలిన లోపము.

జపాను ఇదే మార్గమున నడిచినది. 1922లో కార్మిక బీమా చట్టమును, 1938లో గ్రామీణుల కొఱకు జాతీయ ఆరోగ్య బీమా చట్టమును చేసి, 1961 నాటికి ప్రజలందరిని ఏదో యొక నిధిలో చేర్చినది. ఉద్యోగి పని మానిన మరునాడు తన పురపాలక సంఘపు బీమాలో చేరును. దేశమంతట ఏ చికిత్సకు ఎంత యను ధరల పట్టిక యొక్కటే, అది రెండేండ్లకొకమారు సవరింపబడును. తైవాను 1995లో కార్మికులకు, ప్రభుత్వోద్యోగులకు, రైతులకు వేర్వేరుగ నున్న బీమాలనన్నిటిని కలిపివేసి ఒకే సంస్థను నెలకొల్పినది.

బ్రిటను ప్రయోగము

బ్రిటనులో లాయిడ్ జార్జి 1911లో తెచ్చిన జాతీయ బీమా చట్టము జర్మనీ నమూనాను చూచి చేసినదే. వారమునకు శ్రామికుడు నాలుగు పెన్నీలును, యజమాని మూడును, ప్రభుత్వము రెండును చెల్లించుటచే శ్రామికునకు వైద్యుడును మందును జబ్బునాటి భత్యమును లభించెను. కాని అతని భార్యకుగాని బిడ్డలకుగాని ఈ వైద్యము లేదు. ఆసుపత్రి చికిత్సయు సాధారణముగ లేదు. తరువాతి చరిత్రనంతయు నడిపించినది ఈ లోపమే. సంపాదించువాని దేహమునకు మాత్రమే విలువ కట్టిన ఏర్పాటులో, ఇంటిచాకిరితో అరిగిపోవు ఇల్లాలు తన బాధను దిగమ్రింగి, వైద్యుని రుసుమును పిల్లల తిండికి మిగుల్చుచుండెను. 1948లో వైద్యము అందరికిని ఉచితమైన తొలినాళ్లలో, ఏండ్ల తరబడి గర్భాశయ వ్యాధులతో బాధపడుచు ఎన్నడును వైద్యుని యెదుటికి రాని స్త్రీలు తమ యొద్దకు వచ్చిరని ఆనాటి వైద్యులు పలువురు చెప్పియున్నారు. బీమా ఉద్యోగమునకు కట్టుబడి యున్నపుడు ఆ కట్టు వెలుపల మిగిలిపోవువారెవరో తెలియుటకు ఇంతకన్న స్పష్టమైన నిదర్శనము అక్కరలేదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున, వంగదేశమునందలి రంగపురమున 1879లో జన్మించిన విలియం బెవరిడ్జి 1942 డిసెంబరులో ప్రకటించిన నివేదికలో, సాంఘిక భద్రత యంతయు సర్వజనులకు వర్తించు వైద్యసర్వీసు పునాదిపై నిలువవలెనని ప్రతిపాదించెను. దానిని కార్యరూపమున పెట్టినవాడు అనూరిన్ బెవాన్. గని కార్మికుని కుమారుడై, తానును బాల్యముననే గనిలో దిగిన ఇతని స్వస్థలము వేల్సులోని ట్రెడీగర్. అచ్చటి కార్మికులు తమ వేతనములనుండి పౌనునకు మూడు పెన్నీల చొప్పున చెల్లించుకొని నడుపుకొన్న వైద్య సహాయ సంఘము ఊరిలో అత్యధికులకు చికిత్స సమకూర్చుచుండెను. ఆరోగ్యమంత్రియైన బెవాన్, ఆ చిన్న పట్టణపు అనుభవమును దేశమంతటికి విస్తరింపజేయుటయే తన కార్యమని తలచెను. 1948 ఫిబ్రవరిలో బ్రిటిషు వైద్య సంఘము జరిపిన అభిప్రాయ సేకరణలో పదింట తొమ్మండుగురు వైద్యులు వ్యతిరేకించిరి. పెద్ద వైద్యులకు ప్రభుత్వ ఆసుపత్రులలోనే కొన్ని పడకలపై ప్రైవేటు వైద్యము చేసికొను వెసులుబాటు నిచ్చియు, కుటుంబ వైద్యులను జీతగాండ్రుగ చేయనని హామీ యిచ్చియు, బెవాన్ వారిని ఒప్పించెను. 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సర్వీసు ఆరంభమై, ఇంగ్లండు వేల్సులలోని 2,600కు పైబడిన ఆసుపత్రులు ఒక్కనాడే జాతి పరమైనవి. దీనికి ద్రవ్యము ప్రధానముగ పన్నులనుండియే లభించును.

కళ్లద్దములకును కట్టుడు పండ్లకును జనులు విరగబడుటచే తొలియేటనే అంచనాలు తలక్రిందులైనవి. 1951లో వీనికి రుసుము విధింపగా బెవాన్ మంత్రిపదవికి రాజీనామా చేసెను. ద్రవ్యము చాలకుండుట అనునది నాటినుండి నేటివరకు ఆ సర్వీసును విడువని సమస్య. 2023లో ఇంగ్లండునందు చికిత్సకై వేచియుండు కేసుల సంఖ్య 70 లక్షలకు పైబడి యుండెను. తుంటి కీలు మార్పిడికై నెలల తరబడి నొప్పితో కాలము గడుపు వృద్ధులకు సిద్ధాంత చర్చలు ఊరట నీయవు. అయినను ఒక్క మాట చెప్పవలెను. అక్కడ నిరీక్షణము వ్యాధి తీవ్రతనుబట్టి యుండునేగాని, రోగి జీతమునుబట్టి యుండదు. చికిత్స కారణముగ ఇల్లు అమ్ముకొనవలసివచ్చిన కుటుంబము బ్రిటనులో అరుదు.

అమెరికా : యుద్ధకాలపు యాదృచ్ఛికము

అమెరికాలో ఉద్యోగాధారిత బీమా ఎవరును ఆలోచించి నిర్మించిన పద్ధతి కాదు. 1929లో టెక్సాసు రాష్ట్రమునందలి డాలసు నగరమున బేలర్ ఆసుపత్రికి చేరవలసిన బాకీలు పేరుకొనిపోయియుండగా, అంతకుపూర్వము ఆ నగరపు పాఠశాలల పర్యవేక్షకుడుగ నున్న జస్టిన్ ఫోర్డ్ కింబల్, బాకీదారులలో ఉపాధ్యాయులు పలువురుండుట గమనించి, నెలకు 50 సెంట్లు చెల్లించినవారికి ఏడాదిలో 21 దినములు ఆసుపత్రిలో చికిత్స నిచ్చు పథకమును రూపొందించెను. వేయిమందికి పైగా ఉపాధ్యాయులు చేరిరి. ఆర్థిక మాంద్యము దేశమును కబళించి, పడకలు ఖాళీయై, ఆసుపత్రులు మూతపడు స్థితికి వచ్చిన సమయమున ఇతర నగరముల ఆసుపత్రులు ఈ పథకమును అనుకరించినవి. బ్లూక్రాసు బీమా సంస్థలకు ఇదియే బీజము. ఆసుపత్రికి నిలకడైన రాబడి చేకూర్చుట దీని ప్రథమోద్దేశమని మరువరాదు. ఇంచుమించు అదే కాలమున కాలిఫోర్నియా ఎడారిలో కాలువ త్రవ్వు కూలీలకు, దినమునకు అయిదు సెంట్ల చందాపై డాక్టరు సిడ్నీ గార్ఫీల్డు చేసిన వైద్యము, తరువాత కైజర్ సంస్థగ వృద్ధిపొందినది.

ఈ అంకురములు మహావృక్షములగుటకు కారణము యుద్ధము. ధరల పెరుగుదలను అరికట్టుటకై 1942 అక్టోబరు చట్టముతో వేతనములు స్తంభింపజేయబడెను. యువకులు సైన్యమున చేరుటచే పనివారు దొరకక, జీతము పెంచుటకు వీలులేని యజమానులు బీమాను ఎర జూపిరి. బీమా చందా వేతనము కాదని యుద్ధకాల కార్మిక మండలి అంగీకరించినది. యజమాని చెల్లించు ప్రీమియమునకు ఉద్యోగిపై ఆదాయపు పన్ను లేదని 1954 పన్ను స్మృతి స్పష్టపరచినది. నూరు డాలర్ల జీతమునకు పన్ను పడును, నూరు డాలర్ల బీమాకు పడదు. కావున ఇరుపక్షములకును బీమాయే లాభకరమైనది. 1940లో సుమారు పదిమందిలో ఒకరికి మాత్రమే ఏదో యొక ఆరోగ్య బీమా యుండగా, 1960 నాటికి ముగ్గురిలో ఇద్దరికి లభించెను. అధిక జీతగానికి అధిక పన్ను మినహాయింపు దక్కు ఈ ఏర్పాటు, అల్పాదాయము గలవానికి అల్పముగను, ఉద్యోగమే లేనివానికి శూన్యముగను ఫలించు రాజ్యసహాయమని గుర్తించినవారు అప్పుడు తక్కువ.

అధ్యక్షుడు ట్రూమన్ 1945 నవంబరు 19న కాంగ్రెసుకు పంపిన సందేశమున జాతీయ ఆరోగ్య బీమాను ప్రతిపాదించెను. అమెరికా వైద్య సంఘము సభ్యుడొక్కింటికి 25 డాలర్ల చొప్పున వసూలు చేసి, అది సోషలిజమునకు ద్వారమని దేశమంతట ప్రచారము సాగించి దానిని ఓడించినది. కార్మిక సంఘములు అటుపై తమ శక్తిని యజమానులతో బేరమాడుటకు మరల్చినవి. మోటారు కార్మికుల నాయకుడు వాల్టర్ రూథర్ స్వయముగ జాతీయ బీమాను కోరినవాడే. అయినను 1950లో జనరల్ మోటార్సుతో కుదిరిన ఒప్పందములో పింఛనుతోపాటు బీమా ప్రీమియములో సగమును పొంది తృప్తిపడవలసివచ్చెను. ఆ ఒప్పందముతో కార్మికులలో బలవంతులకు రక్షణ దొరికినది. అందుచేతనే బలహీనుల పక్షమున పోరాడువారి సంఖ్య తగ్గిపోయెను. నా దృష్టిలో ఉద్యోగాధారిత బీమా సమాజమునకు చేసిన పెద్ద హాని ఇదియే.

పనిచేయలేని వృద్ధులును పని దొరకని పేదలును సహజముగ ఈ ఏర్పాటునకు వెలుపల మిగిలిరి. వారికొఱకు 1965 జులై 30న అధ్యక్షుడు జాన్సన్, ట్రూమన్ స్వగ్రామమైన ఇండిపెండెన్సులో, ఆయన సమక్షమున మెడికేర్, మెడికెయిడ్ శాసనములపై సంతకము చేసెను. తరువాతి చట్టములన్నియు చిరుగులకు వేసిన మాసికలే. 1974 చట్టముతో, బీమా కంపెనీనుండి పాలసీ కొనక స్వయముగ ఉద్యోగుల వైద్యవ్యయమును భరించు పెద్ద సంస్థలు రాష్ట్రప్రభుత్వముల బీమా నియమములనుండి విముక్తి పొందినవి. నేడు యజమాని బీమా గల ఉద్యోగులలో అరువది శాతమునకు పైగా ఇట్టి సంస్థలలోనే యున్నారు. ఉద్యోగము వీడినవారు 18 నెలలవరకు పూర్వపు బీమానే కొనసాగించుకొనవచ్చునని కోబ్రా చట్టము అవకాశము కల్పించినది. కాని యజమాని వాటాతో సహా మొత్తము ప్రీమియమును, దానిపై రెండు శాతమును తానే చెల్లింపవలెను. జీతము నిలిచిపోయిన నెలలోనే అంతకుముందెన్నడును చెల్లింపనంత మొత్తమును చెల్లింపుమనుట ఎందరికి సాధ్యము? 2010 చట్టము, 50 మందికి తక్కువ కాని పూర్తికాలపు ఉద్యోగులు గల సంస్థలు బీమా కల్పింపవలెననియు, పిల్లలు 26 ఏండ్లవరకు తల్లిదండ్రుల పాలసీలో ఉండవచ్చుననియు, పూర్వమే యున్న వ్యాధి కారణముగ ఎవరికిని బీమా నిరాకరింపరాదనియు విధించి, బీమా లేనివారి సంఖ్యను బహుళముగ తగ్గించినది. ఐనను 2023లో సుమారు 8 శాతము జనులు, అనగా రెండున్నర కోట్లకు పైగా, ఏ బీమాయు లేక యుండిరి.

కెనడా : ఒక రాష్ట్రము చూపిన బాట

అమెరికాతో భాషలోను వృత్తిసంప్రదాయములోను సన్నిహితమైన కెనడా, 1950 ప్రాంతమువరకు అదే మార్గమున పోవుచుండెను. దానిని మరలించినది గోధుమ పండించు ససకాచివాన్ రాష్ట్రము. తరువాత ఆ రాష్ట్రమునకు పాలకుడైన టామీ డగ్లస్ బాలుడుగ నున్నపుడు కాలి ఎముకకు వ్యాధి సోకి, కాలు తీసివేయవలసిన స్థితి రాగా, విద్యార్థులకు బోధించుటకు ఆ కేసు పనికివచ్చునని యొక శస్త్రవైద్యుడు ఉచితముగ చికిత్స చేసి కాలు నిలిపెను. పాలకుడైన పిమ్మట డగ్లస్, బాలుని కాలు వైద్యుని దయపై ఆధారపడరాదను నిశ్చయముతో 1947లో తన రాష్ట్రమున ఆసుపత్రి బీమాను నెలకొల్పెను. 1962 జులై 1న అన్ని వైద్యసేవలకు బీమాను విస్తరించిననాడే వైద్యులు సమ్మెకు దిగిరి. బ్రిటనునుండి వచ్చిన వైద్యుల సహాయముతో ప్రభుత్వము నిలిచినది. జులై 23న రాజీ కుదిరినది. 1966 నాటికి కేంద్రప్రభుత్వమే ఈ విధానమును దేశమంతటికి అనుమతించి నిధుల నిచ్చుటకు పూనుకొనెను. 1984 ఆరోగ్య చట్టము, ఈ రక్షణ ఒక రాష్ట్రమునుండి మరొక రాష్ట్రమునకు పోయినను వెంట రావలెనని నిర్దేశించినది.

ఐతే ఆసుపత్రి వెలుపల కొను మందులు, దంతవైద్యము, కళ్లద్దములు ఆ వలయములో చేరలేదు. వానికొఱకు నేటికిని కెనడావారిలో పెక్కురు యజమాని కల్పించు బీమాపైననే ఆధారపడుచున్నారు; అట్టి బీమా లేని చిల్లర కొలువులవారు మందులచీటి వ్రాయించుకొనియు మందు కొనలేని స్థితి యున్నది. ఒకే దేశమున రెండు పద్ధతులును ప్రక్కప్రక్కన నడుచుచుండుటచే, వీని భేదము అచ్చట గాజుపలకలో వలె గోచరించును.

గుణదోష విచారము

ఉద్యోగాధారిత బీమాకు నిజమైన సుగుణము లేకపోలేదు. బీమాను ఎవరి యిచ్ఛకు వారిని విడిచినచో, జబ్బు వచ్చునను భయము గలవారు చేరుదురు, ఆరోగ్యవంతులు దూరముగ నుందురు. అంతట ప్రీమియము పెరుగును, పెరిగిన కొలది మిగిలిన ఆరోగ్యవంతులును జారుకొందురు. వైద్యము సామాన్యమైన సరకువంటిది కాదనియు, దాని విపణి ఇట్టి కారణములచేత తనంత తాను సక్రమముగ నడువదనియు ఆర్థికశాస్త్రజ్ఞుడు కెన్నెత్ ఆరో 1963లో ప్రకటించిన వ్యాసము ప్రసిద్ధము. ఒక కర్మాగారమున చేరినవారు జబ్బుల కొఱకు గాక పనికొఱకు చేరినవారగుటచే, అందు రోగులును ఆరోగ్యవంతులును సహజముగ కలిసియుందురు; బీమా కంపెనీకి ఇట్టి సమూహము అనుకూలము. పెద్ద సంస్థ ఉద్యోగుల పక్షమున గట్టిగ బేరమాడగలదు. క్రొత్త పరీక్షలు, క్రొత్త మందులు శీఘ్రముగ లభించును. అమెరికాలో మంచి కొలువులో నున్నవానికి నిపుణుడైన వైద్యుని దర్శనము బ్రిటనులోకన్న ముందుగ దొరకుట సత్యము.

కాని ఈ సుగుణము సంస్థ పరిమాణముపై ఆధారపడినది. అయిదుగురు పనిచేయు దుకాణములో ఒక్కనికి క్యాన్సరు సోకినచో ఆ దుకాణపు ప్రీమియము అంతయు చలించును. వ్యాధి ముదిరినవాడు పని చేయలేడు. పని చేయలేనివాడు కొలువు కోల్పోవును. కొలువుతోపాటు బీమాయు పోవును. రక్షణ అత్యంతావశ్యకమైన ఘడియలోనే తెగిపోవుట ఈ పద్ధతి నిర్మాణమునందే యున్న దోషము. ఏ కంపెనీ దుర్మార్గమును దీనికి కారణము కాదు. బిడ్డకు దీర్ఘవ్యాధి యున్న తండ్రి, క్రొత్త కొలువులో బీమా ఎట్లుండునో యను శంకతో ఇష్టములేని ఉద్యోగమునందే జీవితము గడపుట మరియొక దోషము. యజమాని చెల్లించు ప్రీమియము యజమాని దానము కాదు. అది లేనిచో జీతములో చేరవలసిన సొమ్మే యని ఆర్థికశాస్త్రజ్ఞులలో ఇంచుమించు ఏకాభిప్రాయము గలదు. 2024లో అమెరికాలో ఒక కుటుంబమునకు యజమాని బీమా ప్రీమియము సగటున ఏడాదికి 25,572 డాలర్లు. అందు ఉద్యోగి జీతమునుండి కనబడునట్లు పోవునది 6,296 డాలర్లు మాత్రమే. తక్కినది కనబడకుండ పోవుటచేత, భారము ఎంతయో తెలియక, దానిని ప్రశ్నించువారును అరుదైరి. ఇంతయు చెల్లించిన పిమ్మట కూడ, బీమా చెల్లింపు మొదలగుటకు ముందు రోగి తానే భరింపవలసిన డిడక్టిబుల్ అను మొత్తము వేరుగ నున్నది.

వ్యయము విషయమున అంకెలు నిర్దయమైనవి. అమెరికా 2023లో తన జాతీయోత్పత్తిలో 17.6 శాతమును ఆరోగ్యమునకు వెచ్చించినది. ఇతర సంపన్న దేశములేవియు ఆ సమీపమునకు రాలేదు. అమెరికనులు వైద్యుని యొద్దకు ఎక్కువ మారులు పోవుటగాని, ఆసుపత్రిలో ఎక్కువ దినములుండుటగాని దీనికి కారణము కాదనియు, ప్రతి సేవకును అచ్చట ధర హెచ్చుగ నుండుటయే కారణమనియు జెరార్డ్ ఆండర్సన్, ఊవె రైన్‌హార్ట్ ప్రభృతులు 2003లో నిరూపించిరి. కొనువారు వేలకొలది సంస్థలుగ చీలియున్నచోట అమ్మువానిదే పైచేయి. జపానులో వలె ధరల పట్టిక ఒక్కటియైనచోట కాదు. ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క నియమావళి, ఒక్కొక్క క్లెయిము ఫారము, ముందస్తు అనుమతి యుండుటచే లెక్కలు వ్రాయు గుమాస్తాల ఖర్చును తక్కువ కాదు. అమెరికనుల ఆయుర్దాయము ఇతర సంపన్న దేశముల ప్రజలకన్న తక్కువగ నుండుటకు తుపాకులు, మత్తుపదార్థములు, రహదారి ప్రమాదములు మొదలగునవియు కారణములగుటచే, ఆ లోపమునంతయు బీమాపై మోపుట న్యాయము కాదు.

రోగినుండి కొంత వసూలు చేసినచో అనవసరపు చికిత్స తగ్గునను వాదమును పరీక్షించుటకై 1974నుండి 1982వరకు ర్యాండ్ సంస్థ అమెరికాలో పెద్ద ప్రయోగము చేసినది. రుసుము చెల్లింపవలసినవారు వైద్యమును తక్కువగ వాడుకొనిరి, నిజమే. కాని అక్కరలేని చికిత్సతోపాటు అక్కరకు వచ్చు చికిత్సనుకూడ సమానముగ మానుకొనిరి. సగటు మనుష్యుని ఆరోగ్యమునకు భంగము కలుగలేదుగాని, పేదలై రక్తపోటు గలవారికి ఉచిత వైద్యమే మేలు చేసినది.

భారతదేశము, తెలుగు రాష్ట్రములు

1943లో నియమితమైన జోసెఫ్ భోర్ సంఘము 1946లో సమర్పించిన నివేదికలో, ధనము చెల్లింపలేని కారణమున ఎవరును వైద్యమునకు దూరము కారాదని సూత్రీకరించినది. అదే కాలమున ఆచార్య బి. పి. అడార్కర్ కార్మికుల బీమాపై 1944లో సమర్పించిన నివేదిక ఆధారముగ 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టము వచ్చి, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూచే ప్రారంభింపబడెను. ఇది జర్మనీ తరహా సాంఘిక బీమా. 2019 జులై నుండి వేతనములో యజమాని 3.25 శాతము, ఉద్యోగి 0.75 శాతము చెల్లింపవలెను; నెలకు 21,000 రూపాయలకు మించని వేతనము గలవారికే ఇది వర్తించును. హైదరాబాదు సనత్‌నగరులోని ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిని ఎరుగని కార్మిక కుటుంబము ఆ నగరమున లేదు. దీనికి తోడు సింగరేణి గని కార్మికులకు కొత్తగూడెమునను, రైల్వేవారికి సికిందరాబాదు లాలాగూడలోను సొంత ఆసుపత్రులు గలవు.

ఇవి యెంత చక్కగ నడచినను, మన దేశములో పదిమంది శ్రామికులలో సుమారు తొమ్మండుగురు అసంఘటిత రంగమున నున్నవారు. కౌలురైతుకు, భవన నిర్మాణపు కూలీకి, బీడీలు చుట్టు ఇల్లాలికి, ఆటో నడుపువానికి యజమాని యెవరు? యజమాని మూలమున రక్షణ కల్పించు పద్ధతి ఇక్కడ మొదటి మెట్టుననే ఆగిపోవును. థాయిలాండు ఈ సత్యమును గ్రహించి, ప్రభుత్వోద్యోగులకును కంపెనీ కార్మికులకును గల పథకములను అట్లే యుంచి, మిగిలిన సుమారు నాల్గింట మూడు వంతుల జనులను 2002లో పన్నులతో నడుచు పథకమున చేర్చినది. వైద్యునికడకు పోయినపుడు చెల్లింపవలసినది 30 బాత్‌లు మాత్రమే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరంభమైన రాజీవ్ ఆరోగ్యశ్రీ, తెల్లకార్డు గల కుటుంబములకు ఉద్యోగముతో నిమిత్తము లేక పెద్ద చికిత్సలను సమకూర్చుటచే, ఈ దిశలో దేశమునకు మార్గదర్శకమైనది. ముఖ్యమంత్రి సహాయనిధికై గుండె జబ్బుల బిడ్డలతో సచివాలయము ముందు నిలబడు తల్లిదండ్రుల గోడు దాని పుట్టుకకు కారణము. 2018లో కేంద్రము ఆరంభించిన ఆయుష్మాన్ భారత్ పథకమున కుటుంబమునకు ఏడాదికి 5 లక్షల రూపాయల పరిమితి గలదు. మరియొకవంక హైదరాబాదు, బెంగుళూరుల సాఫ్టువేరు ఉద్యోగులు కంపెనీ పాలసీలో తల్లిదండ్రులను చేర్చి నిశ్చింతగ నుండుట పరిపాటియైనది. ఉద్యోగము మానిననాడు, పెద్దల వయస్సు మీరినపుడు, క్రొత్త పాలసీ దొరకుట ఎంత కష్టమో అప్పుడు తెలియును. అమెరికాలో హెచ్-1బి వీసాపై నున్న తెలుగువారి స్థితి ఇంకను కఠినము. కొలువు పోయిన 60 దినములలో క్రొత్త కొలువు దొరకనిచో దేశము విడువవలెను. ఆ 60 దినములలోనే ప్రసవము రావచ్చును, బిడ్డకు శస్త్రచికిత్స కావచ్చును. బీమా మాత్రము కొలువుతోనే ముగియును.

మన పథకములకును పెద్ద లోపము గలదు. అవి ప్రధానముగ ఆసుపత్రిలో చేరినవారికి. దినదినము మ్రింగవలసిన మాత్రకు కావు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారము దేశపు వైద్యవ్యయములో ప్రజలు తమ చేతినుండి పెట్టునది 2013-14లో 64.2 శాతముండగా, 2021-22లో 39.4 శాతమునకు తగ్గినది. అందు అధికభాగము మందుల కొనుగోలుకే పోవుచున్నది. కావున కార్డుపై నుండు లక్షల పరిమితిని ఇంకను పెంచుటకన్న ముందు, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునందు వైద్యుడుండునట్లును, రక్తపోటు మధుమేహములకు వాడు మందులు ఏడాది పొడుగున ఉచితముగ దొరకునట్లును చూచుట రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములకు ప్రథమ కర్తవ్యము.